ఆపకూడని కంప్యూటర్

మా అప్ప, అంటే మా అక్క, ఫోన్ చేసేసరికి నేను ఆఫీసులో ఉన్నాను. సముద్రంలో వాయుగుండం పట్టింది. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. ఓడలు లోపలికి రాక, ఓడ సరుకు విడిపించే మా క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో ఆ పూట ఎవరి బల్ల మీదా పెద్దగా పని లేదు. అప్పకు ఫోన్‌లో గట్టిగా మాట్లాడే అలవాటు. ఆ రోజు మాత్రం గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"మీ బావ కంప్యూటర్ నెమ్మదైపోనాదట. నువ్వొచ్చి ఓపాలి సూడాలంట. ఇయాలే రమ్మంతన్నాడు."

"ఇయాలే ఏల? ఆదివారం వత్తాను."

"ఆదివారం దాకా ఆగదట. మెమరీ ఏదో ఏత్తే సురుగ్గా అవుతాదంట. దొరికితే నీ సేతే తెమ్మన్నాడు." గొంతు ఇంకా తగ్గించింది. "రాయే," అంది మళ్ళీ.

మా వాళ్ళలో ఎవరింట్లో కంప్యూటర్ మొరాయించినా నన్ను పిలవడం అలవాటు. నేను నేర్చుకున్న మెకానిక్‌ని కాను. ఆఫీసులో కంప్యూటర్లు పాతవి, మెకానిక్ రావడం ఆలస్యం. స్క్రూడ్రైవరు పట్టుకుని దుమ్ము దులపడం, వదులైన తీగలు బిగించడం నాకు నేనే అలవాటు చేసుకున్నాను. అక్కడి నుంచి ఆ పేరు చుట్టాలందరికీ పాకింది.

ఆఫీసులో ఒక మూల పక్కన పెట్టేసిన కంప్యూటర్ ఒకటి ఉండేది. మా యజమానిని అడిగి దాని డబ్బా విప్పి, అందులోని మెమరీ ముక్కను ఊడదీసి, కాగితంలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. బావ కంప్యూటరూ ఆ తరందే. ఆ రకం మెమరీ ఇప్పుడు కొత్తది దొరకడం కష్టం. ద్వారకానగర్ కొట్లలో కూడా పాతవాటిలోంచి ఏరి ఇస్తున్నారు.

బావ ఉక్కు ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఉక్కునగరంలో క్వార్టర్ ఖాళీ చేశాక దువ్వాడ వైపు కొత్త లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నారు. వాళ్ళకు ఒక్కతే కూతురు. ఆ అమ్మాయి కాలేజీ క్లాసులు ఇంట్లోంచి వినాల్సి వచ్చిన రోజుల్లో ఆ కంప్యూటర్ సెకండ్‌హ్యాండులో కొన్నారు. తెర నెత్తిన ఒక చిన్న కెమెరా కూడా అప్పుడు తగిలించిందే. చదువైపోయి అమ్మాయి బెంగుళూరు ఉద్యోగానికి వెళ్ళాక అది బావ సొంతమైంది. పొద్దున్నే కాఫీ తాగి అందులో పద్యనాటకాలు పెట్టుకునేవాడు. ఫర్నేసు మోతకు చెవులు కొంత మందగించాయేమో, ఆ పద్యం వీధి మలుపు దాకా వినపడేది. ఎదురింటి వాళ్ళు మొదట్లో విసుక్కున్నా, తర్వాత తర్వాత రాగం తెగినప్పుడు "ఏటి, ఇయాల కరెంటు నేదేటి?" అని అడిగేంతగా అలవాటు పడ్డారు.

కూర్మన్నపాలెంలో బస్సు దిగి ఆటో ఎక్కాను. యారాడ కొండ వైపు నుంచి మబ్బు నల్లగా లేచి వస్తోంది. గాలి లేదు. రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద మసి పేరుకుని, ఒక్క చినుకు పడితే చాలు జారిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టుంది. అప్ప ఇంటి మలుపు తిరిగినప్పుడు ఏదో తేడాగా అనిపించింది. గేటు తీశాక తెలిసింది: ఆ ఇంట్లోంచి ఏ చప్పుడూ రావడం లేదు.

అప్ప గుమ్మంలోనే ఎదురైంది. నన్ను నేరుగా లోపలికి పోనివ్వకుండా చెయ్యి పట్టుకుని పక్కసందులో నీళ్ళ ట్యాంకు దగ్గరకు తీసుకెళ్ళింది. నాకంటే పదేళ్ళు పెద్దది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఏ విషయమూ నాతో గుసగుసగా చెప్పాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

"నాలుగైదు రోజులైపోనాది. ఆ గదిలోంచి రాడు. అన్నం కంచం అక్కడికే. వాకింగు నేదు, పేపరు నేదు. తలుపు గెడియ ఎయ్యడు, తెరిసీ ఉంచడు. ఏటని అడిగితే లేఅవుట్ అసోసియేషన్ పనంతన్నాడు."

"అసోసియేషన్‌కి అంత పనేటుంటాది?"

"అదే నాను అడిగినాను. సిరాకు పడ్డాడు. ఎవులతోటో మాటాడతన్నట్టు వినబడతాది. నానెల్తే ఆపీత్తాడు." కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. "రాతిరి లైటు ఆర్పనియ్యడు. ఈ వయసులో నాను ఏటని అనుకోవాల? నాకేటీ తెల్డం నేదు."

ఆమె మనసులో ఏ అనుమానం ఉందో అర్థమైంది. నాకు అది నమ్మబుద్ధి కాలేదు. కానీ అంతకంటే నయమైన కారణమూ తట్టలేదు.

గది తలుపు తోశాను. కిటికీ మూసి ఉంది, పరదా దించి ఉంది. బావ కంప్యూటర్ ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఇంట్లో లుంగీ, బనీనుతో తప్ప నేనతన్ని చూడలేదు. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా, ప్యాంటు, నున్నగా గీసిన గడ్డం. ఇంటర్వ్యూకి పిలుపు కోసం వరండాలో కూర్చున్న మనిషిలా ఉన్నాడు. చెవుల్లో ఉన్న ఇయర్‌ఫోన్లు నన్ను చూడగానే తీసేసి బల్ల మీద పెట్టాడు.

"రా అమ్మా. కూర్చో. మెమరీ తెచ్చావా?" అన్నాడు.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నా పెళ్ళికి ముందు నుంచీ బావ నన్ను పిలిచే పిలుపు "ఏటే గుంటా". పలకరింపు ఎప్పుడూ వెటకారంతో మొదలయ్యేది. ఈ "రా అమ్మా", ఈ "తెచ్చావా" వేదిక మీద మాట్లాడే మాటల్లా ఉన్నాయి.

"తెచ్చినాను. ముందర సూడనీ బావా. ఏదెక్కువైతే నెమ్మదవుతాదో సూడకండా మెమరీ ఏసీడం దండగ," అంటూ ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మౌస్ కదిపితే బాణం గుర్తు ఒక క్షణం ఆగి, ఆ తర్వాత జారుకుంటూ వచ్చింది. తెర మీద ఏమీ తెరిచి లేదు. ఎప్పటిదో అమ్మాయి పెట్టిన సముద్రం ఫోటో ఒక్కటే. అయినా డబ్బాలోంచి ఫ్యాను రొద, లోపల డిస్కు గీరుతున్న చప్పుడు. ఏ పనీ లేని కంప్యూటర్ అలా రొప్పకూడదు. ఏ ప్రోగ్రాము ఎంత తింటోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచాను. అది తెరుచుకోవడానికే చాలాసేపు పట్టింది. మెమరీ దాదాపు నిండిపోయి ఉంది. డిస్కు క్షణం తీరిక లేకుండా పని చేస్తోంది. మెమరీ చాలనప్పుడు కంప్యూటర్ డిస్కునే మెమరీగా వాడుకోబోతుంది. ఆ డిస్కు పాతది కాబట్టి రెండూ కలిసి కూలబడతాయి. ఇంతవరకూ నాకు తెలిసిన జబ్బే. చూడబోతే బావ అన్నది నిజమే, మెమరీ వేస్తే కొంత తేలిక పడుతుంది.

కానీ ఆ మెమరీని తింటున్నది ఏమిటో చూడాలి కదా. ఎక్కువ తినేవి పైకి వచ్చేలా సర్దాను. అన్నిటికంటే పైన ఒక వీడియో కాల్ ప్రోగ్రాము. దాని కింద ఇంకొకటి. ఆ పేరు నాకు తెలుసు. మా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా చిక్కు వస్తే, అమ్మిన కంపెనీ వాళ్ళు ఎక్కడో ఊళ్ళో కూర్చుని మా కంప్యూటర్‌ను తమ చేతిలోకి తీసుకునేది అలాంటిదానితోనే. వాళ్ళు తీసుకున్నప్పుడు తెర మీద బాణం దానంతటది కదులుతుంది. మాకు ఎప్పుడు చూసినా వింతగానే ఉంటుంది.

"ఇవి రెండూ ఏటి బావా? పని నేకుండా నడుత్తన్నాయి. ఇవి ఆపీత్తే..."

"ఆపకు."

"పోనీ ఓపాలి రీస్టార్ట్ సేసి సూత్తాను. సగం జబ్బు దానికే పోతాది."

బావ నా మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా, చెమటగా ఉంది. కాలే ఇనుము పక్కన ముప్పై ఏళ్ళు నిలబడ్డ చెయ్యి అది.

"రీస్టార్ట్ వద్దమ్మా. ఇది ఆగకూడదు. ఆగకుండానే మెమరీ వెయ్యలేవా?"

"నడుత్తన్న బస్సుకి టైరెవులైనా మారుత్తారేటి?" అన్నాను నవ్వబోతూ. అతను నవ్వలేదు. కళ్ళు నా మొహం మీద లేవు, తెర మీద కూడా లేవు. తెర పైన ఉన్నాయి. నేనూ అటు చూశాను. కెమెరా పక్కన ఆకుపచ్చ చుక్క ఒకటి వెలుగుతోంది.

ఆ దీపం వెలిగితే కెమెరా చూస్తున్నట్టని నాకు తెలుసు. తెలిసినా ఆ క్షణంలో ఆ దీపాన్నీ, ఆ రెండు ప్రోగ్రాములనూ కలుపుకోలేకపోయాను. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, వెనక తీగలు చూద్దామని డబ్బాను ముందుకు లాగాను. ఆ లాగుడుకు ఇయర్‌ఫోన్ల పిన్ను ఊడి వచ్చింది. అప్పటిదాకా ఆ సన్నని తీగలో ఉన్న గొంతు, గదిలోకి వచ్చేసింది.

"ఆవిడ ఎవరండీ?"

కటువుగా లేదు. మంచి తెలుగు, నెమ్మదైన గొంతు. చదువుకున్నవాడిలా, కొంచెం అలసిపోయినట్టు. బావ కుర్చీలోంచి చటుక్కున లేచి నిలబడ్డాడు. చేతులు రెండూ తొడలకు ఆనించి.

"మా మరదలు సార్. కంప్యూటర్ బాగు చెయ్యడానికి వచ్చింది సార్. ఆమెకేమీ తెలియదు సార్."

"కూర్చోండి, కూర్చోండి. నమస్కారమమ్మా. మీ బావగారు ఒక ప్రభుత్వ విచారణలో మాకు సహకరిస్తున్నారు. వీడియో మాటిమాటికీ ఆగిపోతోంది. అలా ఆగితే ఆయనకే ఇబ్బంది. మీరు సరి చెయ్యగలరా?"

కొన్ని నెలలుగా ఎవరికి ఫోన్ చేసినా ముందుగా ఒక రికార్డు వినిపిస్తోంది: పోలీసులమని, అధికారులమని చెప్పి వీడియో కాల్‌లో బెదిరించే వాళ్ళను నమ్మొద్దని. ఎన్నిసార్లు విన్నానో, ఎప్పుడు తెగుతుందా అని చెవికి దూరంగా పట్టుకునేదాన్ని. ఆ రికార్డు మాటలు ఇప్పుడు ఒక్కొక్కటీ అర్థం అవుతూ వచ్చాయి. వాడు నన్ను చూస్తున్నాడు. నా చీర, నా మొహం, వెనక గోడ మీది పెళ్ళి ఫోటో, గుమ్మంలో నిలబడ్డ అప్ప పాదాలు, అన్నీ చూస్తున్నాడు. నాకు వాడు కనపడడు.

మొహం కెమెరాకు చిక్కకుండా, డబ్బా వైపు తల వంచి మాట్లాడాను. "మెమరీ వెయ్యాలండి. పాతది చాలడం లేదు. డబ్బా విప్పాలి, కరెంటు తియ్యకుండా కుదరదు."

జవాబు వచ్చేలోగా నాకింకో సంగతి వినిపించింది. ఆ గొంతు వెనక, దూరంగా, మరో మగ గొంతు హిందీలో ఎవరితోనో మాట్లాడుతోంది. అంతే మర్యాద, అంతే నెమ్మది. గదిలో మీతో పాటు ఇంకెవరున్నారని అడుగుతోంది. దాని వెనక ఇంకొకటి, ఏ భాషో తెలియలేదు. ఎన్ని ఊళ్ళలో ఎన్ని గదుల్లో ఎంతమంది ఇలా ఇస్త్రీ చొక్కాలు వేసుకుని కూర్చున్నారో.

"పది నిమిషాలు చాలా అమ్మా?"

"చాలండి."

"ఈలోగా మీ బావగారు ఫోన్‌లో వీడియో మీద మాతో ఉంటారు. ఆయన గదిలోంచి బయటికి రాకూడదు."

"సరేనండి," అని బల్ల కిందికి వంగాను. ప్లగ్గు పట్టుకుని లాగేశాను. కరెంటు పోయినా కాసేపు నడిపించే యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. దాని బొత్తాం నొక్కి పట్టుకున్నాను. ఫ్యాను రొద తగ్గి తగ్గి ఆగింది. లేచి చూస్తే తెర నల్లగా ఉంది, ఆకుపచ్చ చుక్క లేదు.

వెంటనే బావ జేబులో ఫోన్ మోగింది.

అతని చెయ్యి జేబు వైపు వెళ్ళింది. నేను రెండు చేతులతో పట్టుకున్నాను. "ఎత్తకు బావా."

"వదులే."

"ఎత్తకు. అయిపోనాది. ఇంకెవులూ సూడ్డం నేదు."

"ఎత్తకపోతే వచ్చీత్తారే." తన మాటలో తను మాట్లాడాడు. అది విని నాకు కొంచెం ప్రాణం వచ్చింది.

"ఎవులొత్తారు?"

"పోలీసులు. బెంగుళూర్ల పిల్లని తీస్కెల్పోతారు. ఆఫీసులోంచే తీస్కెల్పోతారంట. దాని పేరు మీద పార్సిలు దొరికిందంట, మత్తుమందులు దొరికినాయంట. నాను కదలకండా కూకుంటే దాన్ని ముట్టరు. ఎవులికీ సెప్పకూడదు. మీ అప్పకి సెప్పినా దాన్నే పట్టుకుంటారు."

అప్ప గుమ్మంలోనే కూలబడింది. ఆమె ఇన్ని రోజులూ ఏ అనుమానంతో నలిగిందో అది కాదు. ఒక విధంగా ఊరటే, ఇంకో విధంగా అంతకంటే పెద్ద భయం. ఫోన్ ఆగి మళ్ళీ మోగింది. ఆగి మళ్ళీ మోగింది. ఆ మోత వచ్చినప్పుడల్లా బావ భుజాలు అదిరి పడుతున్నాయి. అప్ప లేచి, అతని జేబులోంచి ఫోన్ లాగి, ఎలా ఆపాలో తెలియక వంటింట్లోకి పరిగెత్తి బియ్యం డ్రమ్ములో పడేసి మూత పెట్టింది. అక్కడ కూడా అది మోగుతూనే ఉంది, బియ్యం లోపలి నుంచి, గొంతు నొక్కేసినట్టు.

నేను నా ఫోన్ నుంచి అమ్మాయికి కలిపి స్పీకరు పెట్టాను. ఎత్తే దాకా నాకూ భయమే, ఒకవేళ నిజంగానే ఏదైనా జరిగి ఉంటే అని. ఎత్తింది. వెనక ప్లేట్ల చప్పుడు, ఎవరో నవ్వులు. ఆఫీసు క్యాంటీనులో ఉంది.

"ఏటి పిన్నీ, ఈ టైములో?"

"ఏటీ నేదమ్మా. బాగున్నావా? ఎవులైనా వచ్చినారేటి నీకోసం?"

"నాకోసమా? ఎవులొత్తారు? నాన్న దగ్గరున్నావా? నాలుగు రోజులై ఫోన్ ఎత్తడం నేదు. ఏటైంది?"

బావ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఏడవలేదు. మంచం అంచున కూర్చుని, ఇస్త్రీ చొక్కా పై గుండీ విప్పుకోబోయి, అలాగే వదిలేశాడు. నేను బియ్యం డ్రమ్ము మూత తీసి ఆ ఫోన్ ఆపేశాను.

ఆ తర్వాతే జరిగిందంతా ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మొదటి ఫోన్ పొద్దున్న పద్యం వింటుండగా వచ్చింది. అమ్మాయి పేరు, పని చేసే చోటు, ఉండే వీధి అన్నీ చెప్పారు. అవతల తెర మీద యూనిఫారం వేసుకున్న మనిషి, వెనక జెండా, గోడ మీద బోర్డు. కంప్యూటర్‌లో ఏవేం ఎక్కించాలో వాళ్ళే చెప్పి ఎక్కించారు. కెమెరా ముందు నుంచి కదలకూడదు. నిద్రపోయినా దాని ముందే, లైటు ఆర్పకూడదు. విచారణ పూర్తయ్యేదాకా భద్రంగా ఉంచుతామని బ్యాంకులో ఉన్నదాంట్లో కొంత అప్పటికే వాళ్ళ ఖాతాకు మళ్ళించారు. మిగిలినది డిపాజిట్లలో ఉంది. మర్నాడు పొద్దున్న ఫోన్ జేబులో పెట్టుకుని, లైను తెగకుండా, బ్యాంకుకు వెళ్ళి అది కూడా తీయాలి. ఈలోగా కంప్యూటర్ మొండికేసింది. వీడియో ఆగిన ప్రతిసారీ ఆ గొంతు, మీరు కావాలని తెంపుతున్నారా అని అడిగేది. మెమరీ వేయించుకోమని సలహా ఇచ్చింది కూడా ఆ గొంతే.

అంటే నన్ను పిలిపించింది వాళ్ళు.

వర్షం మొదలైంది. ఆ వర్షంలోనే ఆటోలో పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాం. గుమ్మం దగ్గర బావ ఆగిపోయాడు. లోపల ఉన్నది కూడా ఆ యూనిఫారమే. డ్యూటీలో ఉన్న ఆవిడ బయటికి వచ్చి, అతని పక్కన వరండా బల్ల మీద కూర్చుని, "వీడియోలో ఎవర్నీ అరెస్టు చెయ్యరు బాబూ. అలాంటి అరెస్టే లేదు," అని మెల్లగా మూడు నాలుగుసార్లు చెప్పింది. అతను తల ఊపాడు కానీ నమ్మినట్టు లేదు. ఫిర్యాదు తీసుకున్నారు, బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించారు. డిపాజిట్లు దక్కాయి. ముందు పోయినదాంట్లో కొంత ఎక్కడో ఆగింది, కొంత ఆగలేదు. దాని సంగతి ఆ తర్వాత మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.

కంప్యూటర్‌ను ఇంట్లో ఉంచడానికి అప్ప ఒప్పుకోలేదు. పోలీసులు చూసి తిరిగి ఇచ్చాక మా ఇంటికి తెచ్చుకున్నాను. అందులోని అమ్మాయి ఫోటోలు, బావ నాటకాలు వేరే దాంట్లోకి తీసి, డిస్కు మొత్తం తుడిచేసి, అన్నీ మొదటి నుంచి ఎక్కించాను. ఎక్కించి, నాటకం ఒకటి పెట్టి, మళ్ళీ కొలత చూశాను. మెమరీ సగం కూడా నిండలేదు. నేను తెచ్చిన ముక్క ఖాళీ గాడిలో వేసి చూశాను, తీసి చూశాను. నాటకం వినడానికి తేడా ఏమీ లేదు. తెరుచుకోవడం మాత్రం ఇంకా నెమ్మదే, కానీ అది డిస్కు అరుగుదల. వేస్తే కొత్త డిస్కు వెయ్యాలి, మెమరీ అక్కర్లేదు. ఆ ముక్కను ఆఫీసుకు తీసుకెళ్ళి ఇచ్చేశాను.

ఒక పొద్దున్న, అదే కంప్యూటర్ ముందు కూర్చుని ఉండగా, నాకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తాను.

"నమస్కారమమ్మా. కంప్యూటర్ బాగయిందా?"

వెనక అవే గొంతులు. బావ ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ వాళ్ళు ముందే తీసుకుని ఉంటారని పోలీసులు చెప్పారు. విని కూడా ఎత్తాను.

"మీ బావగారిని అడిగానని చెప్పండి," అని అతనే పెట్టేశాడు.

వెళ్ళి ఆ నంబరు స్టేషన్‌లో ఇచ్చాను. అప్పకు చెప్పలేదు, బావకు అసలే చెప్పలేదు. కొన్నాళ్ళు ఇంట్లో దేని మీద చిన్న దీపం వెలిగినా, ఫ్రిజ్ మీదిదైనా, చేతిలో పని ఆపి దాన్ని చూసేదాన్ని.

కొత్త డిస్కు వేసి, కెమెరా లేకుండా కంప్యూటర్‌ను దువ్వాడ తీసుకెళ్ళాను. అప్ప దాన్ని గదిలో కాకుండా హాల్లో, వీధి తలుపుకు ఎదురుగా పెట్టించింది. నాటకం తనే పెట్టింది, ఎదురింటికి వినపడేలా. బావ కాసేపు నిలబడి విని, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. రోజూ అంతేనంది అప్ప. రైల్వే స్టేషన్‌కెళ్ళి కూర్చుంటున్నాడట.

నేను వెనకే వెళ్ళాను. దువ్వాడ ప్లాట్‌ఫారం చివర, షెడ్డు నీడ అయిపోయే చోట ఒక బెంచీ మీద ఉన్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. బొగ్గు నింపిన గూడ్సు ఒకటి మా ముందు నుంచి సాగింది. అది దాటేదాకా ఏ మాటా వినపడే అవకాశం లేదు. అందుకే ఇక్కడికి వస్తున్నాడేమో అనిపించింది.

"ఏటే గుంటా, సాయంకాలం బస్సుకేటి ఎల్లడం?" అన్నాడు.

"అవును బావా."

రైలు తోక దూరంగా మలుపు తిరిగింది.

"నీకో మాట సెప్పాల. మీ అప్పకి సెప్పకు. ఆ గొంతు ఉంది సూడు... పొద్దున్న లేవగానే 'నిద్ర పట్టిందాండీ' అని అడిగీవోడు. కంచం రాగానే 'తినండి, మెల్లగా తినండి' అనీవోడు. మందులేసుకున్నానా అని గేపకం సేసీవోడు. రిటైరైనాక నన్ను అంత సేపు ఎవులు సూసినారే?" పట్టాల వైపే చూస్తున్నాడు. "ఇప్పుడు ఇంట్ల కూకుంటే సెవులు ఖాళీగా ఉంతన్నాయి. ఫోన్ మోగితే సచ్చేంత బయమేత్తాది. మోగకపోతే కూడా ఏటో లాగుంతాది."

అనౌన్స్‌మెంటు మొదలైంది, ఏదో ప్యాసింజరు ఆలస్యమని. బావ జేబులో చెయ్యి పెట్టుకుని ఉన్నాడు, లోపల ఫోన్ పట్టుకుని.